రిలీవర్ రాగానే

తిరిగేవాళ్లకు స్థిరత్వం లేకపోవడమే మన దేశంలో సంచారానికి పట్టిన పెద్ద లోపమని ఆ మధ్య పెద్దలు గుర్తించారు. బండినే ఇల్లుగా చేసుకుని ఊళ్లు తిరిగే జనం విదేశాల్లో లక్షల్లో ఉన్నారట. మన దగ్గర ఎందరున్నారో చెబుదామంటే వాళ్లు ఒకచోట కుదురుగా నిలబడటం లేదు, అందుకని లెక్క తేలడం లేదు. ఈ సంగతి మీద ఒక సదస్సు జరిగింది. సదస్సులో భోజనాలు బాగున్నాయి. వాటి తర్వాత జరిగిన తీర్మానం ఫలితంగా అరకు కొండల దిగువన, పెద్ద రోడ్డుకి కొంచెం లోపలగా, సంచార వసతి కేంద్రం వెలిసింది.

బండ్లు నిలుపుకోవడానికి వరసగా సిమెంటు అరుగులు, అరుగు అరుగుకీ తామరపువ్వు ఆకారంలో దీపస్తంభం, గేటు పక్కన పురివిప్పిన సిమెంటు నెమలి. నెమలి ముక్కులోంచి నీళ్లు రావాలి. మాటకొస్తే కొళాయిల్లోంచి కూడా రావాలి. ప్రారంభోత్సవం నాడు ట్యాంకరు తెప్పించి నెమలికి మాత్రం పోయించారు. ఆ తర్వాత అక్కడికి ఏ బండీ రాలేదు, ఏ నీళ్లూ రాలేదు. అయినా కేంద్రం చక్కగా నడుస్తోందని ఏటా నివేదిక వెళ్లేది. నడవడానికి అడ్డొచ్చేవాళ్లెవరూ లేరు గనక అది అబద్ధం కూడా కాదు.

అలాంటి చోటికి ఒక సాయంత్రం మంగతాయారు తన ఇల్లు నడుపుకుంటూ వచ్చింది.

ఆ ఇల్లు ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన చిన్న బస్సు. వేలంలో కొని, సీట్లు పీకించి, వెనకాల మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, పైన నీళ్ల తొట్టి అమర్చుకున్నారు. పట్టుకునే కడ్డీల మీద బట్టలు ఆరేవి. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా గిన్నెలు కింద పడకుండా పురికొసతో కట్టి ఉంచేవారు. దారిలో బస్టాపుల దగ్గర జనం చెయ్యెత్తి ఆపేవారు. ఒకసారి తుని దాటాక ఒక ముసలమ్మ ఎక్కేసి, మంచం మీద కూర్చుని, ఊరు రాగానే దిగుతూ, మంచం ఉన్న బస్సు బాగుంది గానీ కుక్కల్ని ఎక్కనివ్వడమే బాలేదని చెప్పి వెళ్లింది.

కుక్కలు రెండు. పెద్దది కాజా. లావుగా, పాకం రంగులో ఉంటుంది, చెవులు వినబడవు, రోజులో ఎక్కువ భాగం డ్రైవరు సీటు వెనక గోనెపట్టా మీద నిద్రపోతుంది. చిన్నది జంతిక. తోక చుట్టలు తిరిగి ఉంటుంది గనక ఆ పేరు. అది కిటికీలోంచి తల బయట పెట్టి, ఎదురొచ్చే ప్రతి లారీనీ పేరుపేరునా పలకరిస్తుంది. ఇద్దరికీ పొద్దున్నే ఎండుచేపల తలకాయలు వేసి అన్నం వండాకే మనుషులకి ఉప్మా. ఉప్మాలో ఒకటో రెండో బొచ్చు వెంట్రుకలు రావడం ఆ ఇంట్లో లెక్కలోకి రాదు.

బండి మంగతాయారే నడుపుతుంది. ఆమె భర్త పేర్రాజు బస్సు డ్రైవరుగా మండపేట డిపోలో ఉద్యోగమంతా చేసి, ఒక్క ప్రమాదం లేకుండా, ఒక్క రోజు ఎగ్గొట్టకుండా రిటైరైన మనిషి. అరవై దాటినవాడు స్టీరింగు పట్టరాదని డిపోలో ఒక నియమం ఉంది. సొంత బస్సుకి ఆ నియమం వర్తించదని అందరూ చెప్పారు. నియమానికి సొంతం, పరాయి ఉండవని ఆయన చెప్పాడు. అందుకని రిటైరవబోయే ఏడాది భార్యకి తనే డ్రైవింగు నేర్పి, లైసెన్సు ఇప్పించి, ఇప్పుడు తలుపు దగ్గర సీట్లో విజిల్ మెడలో వేసుకుని కూర్చుంటాడు. ఆపాలంటే ఒక విజిల్, కదలాలంటే రెండు. రెండు ఊదాక "రైట్ రైట్" అంటాడు. విజిల్ ఊదకుండా కదిలితే ఆ పూట అన్నం తినడు.

ఇంతకీ వాళ్ల ప్రయాణం అరకు లోయకి, వలిసె పూలు చూడటానికి. వాళ్లు కాపురమున్న క్వార్టరు వంటింట్లో, పొయ్యికి ఎదురుగా, ఎప్పటిదో ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరు ఉండేది. కొండల మధ్య కనుచూపు మేర పసుపు ఆరబోసినట్టు పూలు. తేదీలు చించేశాక కూడా ఆ బొమ్మని మంగతాయారు తీయలేదు. ప్రతి కార్తీకంలోనూ వెళ్దామనుకునేవారు. ప్రతి కార్తీకంలోనూ డిపో నుంచి ఫోను వచ్చేది. "రిలీవర్ రాలేదే తాయారూ, రిలీవర్ రాగానే వచ్చేస్తా" అనేవాడు పేర్రాజు. తన తర్వాత డ్యూటీ ఎక్కాల్సినవాడు రాకపోతే తనే మళ్లీ బండెక్కాలి, అది పద్ధతి. మంగతాయారు చెల్లెలి పెళ్లికి కూడా ఆయన రిలీవర్ రాగానే వచ్చాడు. అప్పటికి పందిరి విప్పేస్తున్నారు.

పూలు ఎక్కువ కాలం ఉండవు. అందుకే ఆ సాయంత్రం కేంద్రం దగ్గర బండి ఆపినప్పుడు మంగతాయారు ఉద్దేశం ఒకటే, తొట్టిలో నీళ్లు పట్టుకుని, పడుకుని, తెల్లారి కొండెక్కేయడం.

గేటు దగ్గర కాపలా పైడయ్య ఆ బండిని చూసి లేచి నిలబడి, కాసేపు నమ్మలేక, "దారి తప్పినారేటమ్మా?" అని అడిగాడు. కాదని తెలిశాక అతని ఆనందం అంతా ఇంతా కాదు. గేటుకున్న యంత్రానికి దుమ్ము దులిపి నొక్కాడు. యంత్రం కెమెరాతో బండిలోకి చూసి, నాలుగు ముఖాలున్నాయి, నాలుగు పేర్లు చెప్పమంది. అక్కడే చిక్కు వచ్చింది. పెంపుడు జంతువులకు ప్రవేశం లేదని నెమలి పక్కనే బోర్డు ఉంది. యంత్రంలో ఉన్న గడులేమో మూడే: డ్రైవరు, అతిథి, భద్రతా సిబ్బంది.

పైడయ్య తల గోక్కున్నాడు. "అతిథులని ఏసేస్తే పొద్దుట పూరీలెట్టాల. పూరీలు నేవు. సెక్యూరిటీ అని ఏసీనా బాబూ? కుక్కలు సేసీది అదే కదా" అన్నాడు.

పేర్రాజు ఆలోచించాడు. అందులో అబద్ధమేమీ కనబడలేదు. గడి ఖాళీగా వదలడం మాత్రం ఆయన ఒప్పుకోలేని పని. ఇంటిపేరుతో సహా రెండు పేర్లూ చెప్పాడు. విద్యార్హత అని అడిగితే కాస్త తటపటాయించి, "విశ్వాసం" అని కొట్టమన్నాడు. యంత్రం అన్నీ పుచ్చుకుని పచ్చదీపం వెలిగించి గేటు ఎత్తింది. నెమలి నీళ్లివ్వకపోతే పైడయ్యే పక్క పొలం బోరు నుంచి బిందెలతో తెచ్చి పోశాడు.

తెల్లారి కాఫీలయ్యాక మంగతాయారు బండి స్టార్టు చేసింది. పేర్రాజు రెండు విజిల్స్ ఊది రైట్ రైట్ అన్నాడు. గేటు లేవలేదు. విధుల్లో ఉన్న సిబ్బంది కేంద్రాన్ని విడిచి వెళ్లరాదని యంత్రం మర్యాదగా చెప్పింది.

పైడయ్య ఫోను చేస్తే మేనేజరు పాణిగ్రాహి గారు మోటారు సైకిలు మీద వచ్చారు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. గేటు తీయడానికి వచ్చాడనుకుంది మంగతాయారు. ఆయన ముందుగా కాజా దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాడు. నిద్రలో ఉన్న కాజా బదులు చెప్పలేదు. జంతిక చెప్పింది.

"అమ్మా, సదరు రెండు పోస్టులు కేంద్రం ప్రారంభమైన నాటి నుండి భర్తీ కాక, ప్రధాన కార్యాలయం తెర మీద మన గడి ఎర్రగా ఉంటూ వచ్చింది" అన్నాడాయన. "నిన్న సాయంత్రం తమవారి చేరికతో అది పచ్చబడింది. రాష్ట్రం మొత్తం మీద సిబ్బంది పూర్తిగా ఉన్న కేంద్రం మనదొక్కటే. పైనుంచి అభినందనలు వచ్చాయి."

"అవి కుక్కలండీ" అంది మంగతాయారు.

"జాతిని బట్టి సంస్థ ఎవరినీ వేరుగా చూడదమ్మా."

పోనీ ఉద్యోగం మానేస్తారని చెప్పింది. ఆయన నొచ్చుకున్నాడు. మానేయవచ్చునట, కానీ వాళ్లని విడుదల చేయాలంటే వాళ్ల స్థానంలో రిలీవర్ చేరాలి. రిలీవర్ చేరాలంటే కొత్త నియామకం జరగాలి. కొత్త నియామకం జరగాలంటే పోస్టు ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు, తమవారున్నారు. ఇదంతా ఆయన దాపరికం లేకుండా, వేళ్లు మడుస్తూ, చిన్నపిల్లలకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

మంగతాయారు మొగుడి వంక చూసింది. ఏదన్నా అంటాడేమోనని. పేర్రాజు కళ్లల్లో ఎన్నాళ్లకో కనబడ్డ చుట్టాన్ని చూస్తున్న వెలుగు ఉంది.

"పాయింటేనే తాయారూ" అన్నాడు. "రిలీవర్ రాకుండా ఎలా వదిలేస్తారు? మనవాళ్లయినా సరే."

ఆ పూట ఉప్మాలో ఆమె ఉప్పు వేయలేదు. ఆయన గమనించలేదు.

అలా కాజా, జంతికలు కొలువులో స్థిరపడ్డారు. పొద్దున్నే హాజరు వేయించడం మొదటి పని. గేటు యంత్రం ముఖం చూసి గుర్తుపడితేనే హాజరు. జంతిక ముఖం ఒకచోట ఉండదు గనక పేర్రాజు దాన్ని చంకలో ఇరికించుకుని, మూతి పట్టుకుని చూపించాలి. కాజాతో ఇంకో ఇబ్బంది. చేరిన రోజు యంత్రం తీసుకున్న బొమ్మలో అది నిద్రపోతోంది. మెలకువగా ఉన్న కాజాని యంత్రం ఎవరో తెలియదంది. అందుకని మంగతాయారు దాన్ని గేటు దగ్గర ఒళ్లో పెట్టుకుని, చెవులు నిమిరి, నిద్రపుచ్చాలి. నిద్రపోగానే "విధులకు స్వాగతం" అనేది యంత్రం. నిద్రపోతే తప్ప హాజరు పడని ఉద్యోగి ఉండటం సంస్థలో ఎవరికీ వింతగా తోచలేదు.

యూనిఫారాలు వచ్చాయి. ఖాకీ చొక్కాలు, ప్యాంట్లు, టోపీలు, మనిషి కొలతలకి. కాజాకి చొక్కా దుప్పటి అయింది. జంతిక టోపీని నమిలేసింది. సంస్థ ఇచ్చిన బట్టలు వృథా కాకూడదని ఒక జత పేర్రాజు వేసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డ మనిషి అక్కణ్ణించి త్వరగా రాలేదు.

పహారా కాసేది కుక్కలే, పేర్రాజు వాటి గొలుసులు పట్టుకుని వెంట తిరిగేవాడంతే. కాజా నడవలేనంటే దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, దాని వంతు తనే తిరిగేవాడు. పహారా మధ్యలో టీ తాగితే డ్యూటీలో టీ ఏమిటని తనని తనే మందలించుకునేవాడు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఇవాళ ఏమీ జరగలేదని యంత్రానికి చెప్పేవాడు. నిన్న కూడా ఏమీ జరగలేదు గనక యంత్రం సంతోషించేది.

తర్వాత పాణిగ్రాహి గారికి ఇంకో విషయం స్ఫురించింది. సిబ్బంది ఏ కప్పు కింద ఉంటే అది సిబ్బంది క్వార్టరు. క్వార్టరు చక్రాల మీద ఉండకూడదు. మనుషులొచ్చి బస్సు కింద ఇటుకలు పేర్చి, తలుపు మీద పసుపు రంగుతో నంబరు వేసి, ముందు రెండు బంతిమొక్కల కుండీలు పెట్టి వెళ్లారు. బతుకంతా క్వార్టర్లో కాపురం చేసి, ఇక దాని మొహం చూడనని బస్సు కొన్న మంగతాయారు ఆ నంబరు వంక చాలాసేపు చూసింది.

రోజూ పెద్ద రోడ్డు మీది టీ బడ్డీ దగ్గర కొండ దిగిన బస్సులు ఆగేవి. ఆమె పాలకని వెళ్లి అక్కడ నిలబడేది. మొదట్లో దిగిన ఆడవాళ్ల తలల్లో పసుపుపచ్చ పూలుండేవి, పిల్లల చేతుల్లో విరిగిన కొమ్మలుండేవి. పూలెలా ఉన్నాయమ్మా అని అడిగితే చెప్పలేక చేతులు చాపేవారు. రాను రాను తలల్లో పూలు తగ్గాయి. ఒకరోజు దిగినవాళ్లు బొంగులో చికెన్ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. పైడయ్యని అడిగింది. అతను నేల చూపులు చూస్తూ, "గింజ కట్టేస్తన్నాయంటమ్మా. పైనున్న మళ్లల్లో ఇంకా కొంచెం ఉన్నాయంట. మరెన్నాళ్లో ఉండవు" అన్నాడు.

ఆ మాట మీదే, ప్రాంతీయ అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసినప్పుడు, మంగతాయారు ఉతికిన చీర కట్టుకుని, గట్టిగా మాట్లాడాలని నిశ్చయించుకుంది.

అధికారి కారు గేటు దాటగానే జంతిక తన పద్ధతిలో ముందు చక్రాలని, తర్వాత అధికారిని మొరిగి మొరిగి ఆహ్వానించింది. కాజాకి కారు వచ్చిన సంగతే తెలియదు. అధికారి కాళ్ల దగ్గర ఒళ్లు విరుచుకుని, ఆయన బూటు మీద గడ్డం ఆనించి మళ్లీ నిద్రపోయింది. అధికారి కదలకుండా నిలబడి తనిఖీ మొత్తం అక్కడి నుంచే పూర్తి చేశాడు.

మంగతాయారు ముందుకొచ్చి, కాజా ముసలిదైపోయిందండీ, రిటైరు చేయించండి అని అడిగింది. వయసెంత అన్నాడాయన. పదమూడు అంది.

అధికారి మొహం పాలిపోయింది. పాణిగ్రాహిని పక్కకి పిలిచాడు. పద్నాలుగు నిండనివాడితో పని చేయిస్తే ఎవరు జైలుకెళ్తారో తెలుసా అని అడగడం ఆమెకి వినబడింది. గేటు తెరుచుకున్నట్టే అనుకుంది మంగతాయారు. ఇద్దరూ కాసేపు గుసగుసలాడి నవ్వు మొహాలతో తిరిగొచ్చారు. యంత్రంలో వయసు సరిదిద్దారు. ఇప్పుడు కాజాకి పంతొమ్మిది.

"నిశ్చింతగా ఉండండమ్మా" అన్నాడు పాణిగ్రాహి. "మీవాడు రిటైరవడానికి ఇంకా నలభై ఏళ్ల పైచిలుకు సర్వీసుంది."

తనిఖీ ఫలితంగా రెండు ఉత్తర్వులు వచ్చాయి. భద్రతా సిబ్బంది సంయమనం పాటించాలి, ఉన్నతాధికారిపై గొంతెత్తిన జంతికపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వాలి అని మొదటిది. పేర్రాజు దాని తరఫున, మొరగడం వృత్తిధర్మంలో భాగంగా జరిగిందే తప్ప వ్యక్తిగత ద్వేషంతో కాదని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చక్కటి భాషలో రాశాడు. జంతిక కాలికి సిరా పూసి ముద్ర వేయించాడు. సంజాయిషీ తృప్తికరంగా లేదని, శిక్షగా దాన్ని మారుమూల కొండ ప్రాంతమైన అరకు లోయకి బదిలీ చేస్తున్నామని జవాబొచ్చింది. అక్కడ కొత్త కేంద్రానికి శంకుస్థాపన రాయి ఒకటి ఉంది, దాన్ని కాపలా కాయాలి.

రెండోది, అధికారుల పట్ల చూపిన వినయానికి గాను కాజాని ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేశారు. బహుమతిగా రమణీయమైన అరకు లోయకి విహారయాత్ర మంజూరు చేశారు.

శిక్షించినా మెచ్చుకున్నా సంస్థకి పంపడానికి ఉన్న చోటు అదొక్కటే కాబోలు. మంగతాయారు మాత్రం ఆ రెండు ఉత్తర్వులు వినగానే గబగబా గిన్నెలకి పురికొస కట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, రెండూ రిలీవర్ చేరిన మీదటే అమల్లోకి వస్తాయి" అన్నాడు పాణిగ్రాహి.

కట్టిన పురికొస ఆమె విప్పలేదు. అలాగే గిన్నెల ముందు కూర్చుండిపోయింది. కిటికీలోంచి గేటు కనబడుతోంది. గేటు దగ్గర ఖాకీ బట్టల్లో పేర్రాజు, జంతికని చంకలో పెట్టుకుని మధ్యాహ్నం హాజరు వేయిస్తున్నాడు. జంతిక తల తిప్పేసింది. యంత్రం కెమెరా దాని తలని వదిలి, పక్కనున్న పేర్రాజు మొహం చూసింది. రోజూ చూస్తున్న మొహమే. "విధులకు స్వాగతం" అంది. పేర్రాజు టోపీ సర్దుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, యంత్రానికి సెల్యూట్ కొట్టాడు.

మంగతాయారు లేచి, మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, పాణిగ్రాహి గదికి వెళ్లింది. మొగుణ్ణి కూడా పిలిచింది. ఇన్నాళ్లూ ఆ గదిలో మామూలు మాటలతో అడిగింది గనకే పని కాలేదని ఆమెకి అర్థమైంది. ఈసారి వాళ్ల మాటల్లోనే అడిగింది.

"అయ్యా, రిలీవర్ నిమిత్తం మనవి చేసుకోడానికి వచ్చానండి" అంది. "ఈయన ముప్పై ఏళ్లకి పైగా సర్వీసు చేశారండి. ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క మెమో లేదు. రిలీవర్ రాకుండా ఒక్కనాడు డ్యూటీ దిగలేదండి. నా చెల్లెలి పెళ్లికి కూడా దిగలేదు. ఇలాంటి మనిషి మీ సంస్థకి దొరుకుతారా?"

పేర్రాజు ఛాతీ ఖాకీ చొక్కా బొత్తాల దాకా పొంగింది. భార్య నోట ఆ మాటలు వినడానికే తను రిటైరయ్యాడేమో అనిపించింది. అయినా మనిషి నిజాయితీపరుడు గనక, "అరవై దాటిందండి నాకు" అన్నాడు.

పాణిగ్రాహి ఆలోచించాడు. ఉత్తర్వు ప్రకారం రిలీవర్ చేరాలి. కొత్త నియామకమైతే ఖాళీ ఉండాలి గానీ, బదిలీ మీదనో యాత్ర మీదనో వెళ్లేవారి స్థానంలో అనుభవజ్ఞుల సేవలు వినియోగించుకోవచ్చునని ఒక వెసులుబాటు ఉంది. అనుభవజ్ఞుడు అన్నాక అరవై దాటకుండా ఎలా ఉంటాడు? పైగా రేపు ఎవరన్నా తనిఖీకొస్తే చొక్కా సరిపోయే ఉద్యోగిని చూపించవచ్చు. "కానీ రెండు పోస్టులమ్మా" అన్నాడు.

"కాజా పోస్టులో ఉంటారండి. జంతిక పోస్టుకి పూర్తి అదనపు బాధ్యతలు" అంది మంగతాయారు.

పాణిగ్రాహి కుర్చీలోంచి సగం లేచాడు. ఆ మాట తనకి తట్టనందుకు ఆయనకి కొంచెం సిగ్గేసినట్టుంది.

చార్జి అప్పగింత శాస్త్రోక్తంగా జరిగింది. కాజా తన గొలుసుని, గోనెపట్టాని పేర్రాజుకి అప్పగించింది. జంతిక మిగిలిన సగం టోపీని అప్పగించింది. యంత్రం పేర్రాజుని చూసి ముఖం వెంటనే గుర్తుపట్టింది, అంత చురుగ్గా అది ఇంతకుముందెవర్నీ గుర్తుపట్టలేదు. క్వార్టరు ఖాళీ చేసి ఇవ్వాలన్నారు. ఖాళీ చేయడమంటే క్వార్టరుని తీసుకుపోవడమేనని పైడయ్య చెప్పి, ఇటుకలు తనే లాగేశాడు. బంతిమొక్కల కుండీలు మాత్రం సంస్థవి, ఉండిపోయాయి.

మంగతాయారు సీట్లో కూర్చుంది. కాజా వెనకాల, జంతిక కిటికీలో. గేటు లేచింది. బస్సు దాటింది. విజిల్ సర్దుకుని ఎక్కడానికి పరిగెత్తుకొచ్చిన పేర్రాజు ముందు గేటు కర్ర దిగింది. విధుల్లో ఉన్న సిబ్బంది కేంద్రాన్ని విడిచి వెళ్లరాదంది యంత్రం.

అప్పుడు గాని ఆయనకి వెలగలేదు. కర్ర పట్టుకుని నిలబడి, "తాయారూ, మరి నేనో?" అన్నాడు.

మంగతాయారు కిటికీలోంచి తల బయటపెట్టింది. కోపంగా లేదు ఆమె మొహం. ఎన్నో కార్తీకాలుగా వింటున్న మాటని, అదే నెమ్మదితో, అదే నమ్మకంతో చెప్పింది.

"రిలీవర్ రాగానే వచ్చెయ్యండి."

బండి కదల్లేదు. ఆమె ఎదురు చూస్తోంది. పేర్రాజుకి కాసేపటికి అర్థమైంది. విజిల్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదాడు. "రైట్ రైట్" అన్నాడు. పద్ధతి తప్పలేదు.

ఘాట్ రోడ్డు మలుపులు ఒక్కొక్కటే తిప్పుకుంటూ మధ్యాహ్నానికి ఆమె పైకి చేరింది. రోడ్డు పక్క పొలాల్లో పూలు రాలి గింజకట్టేశాయి. అడుగుతూ, ఇంకా పైకి, మట్టిదారిలో పోగా పోగా, కొండవాలున ఒక మడిచెక్క మిగిలి ఉంది. క్యాలెండరులో ఉన్నంత లేదు. ఆ బొమ్మలో గాలి ఉండదు, ఇక్కడ ఉంది. గాలి వీచినప్పుడల్లా పసుపంతా ఒక పక్కకి వాలి మళ్లీ లేస్తోంది. మంగతాయారు చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది. జంతిక పూలలో దూరి తోక ఒక్కటే కనబడేలా తిరుగుతూ తన కొత్త పోస్టులో చేరింది. కాజా ఆమె కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది, ఏ యంత్రమూ స్వాగతం చెప్పకపోయినా.

అలా ఎంతసేపు కూర్చుందో. పక్కన ఖాళీగా ఉన్న గట్టు మీద చెయ్యి వేసి, ఇంకొకరు పట్టే చోటు చూసుకుంది. ఆయన కూడా ఉంటే బాగుండేదని అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

మర్నాడు ఇంకా అక్కడే ఉండగా ఫోను మోగింది. పేర్రాజు గొంతు హుషారుగా ఉంది. పూలున్నాయా అని అడిగాడు. కొంచెం మిగిలాయంది. తను వచ్చేస్తున్నానని, చార్జి అప్పగించేశానని, పైడయ్య బస్సెక్కిస్తున్నాడని చెప్పాడు.

"అప్పుడే రిలీవర్ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడండీ?"

"పొద్దున్న ఒక బండి వచ్చింది తాయారూ. మనలాంటిదే, రాజోలు వాళ్లది. మొగుడూ పెళ్లాం, పెద్దావిడ ఒకరు. ఒక పిల్లి ఉంది. పిల్లికి గడి లేదు మరి. ఖాళీ వదలకూడదు కదా, నేనే దగ్గరుండి సెక్యూరిటీలో వేయించాను. జంతిక పోస్టు ఖాళీయే గనక దాన్ని అందులో చేర్చి, నా పోస్టు అదనపు బాధ్యతగా ఇచ్చి, నా రిలీవర్ కింద ఒప్పుకున్నారు."

గాలికి పూలు ఒక పక్కకి వాలాయి.

"వాళ్లెక్కడికి వెళ్తున్నారంట?" అని అడిగింది.

"అక్కడికే. పెద్దావిడకి పూలు చూడాలని ఎప్పణ్ణించో కోరికంట" అన్నాడు పేర్రాజు. ఆపైన, ఆమె దిగులు పడుతుందేమోనని, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు. "ఎంతసేపే, రిలీవర్ రాగానే వచ్చేస్తారు."